చెన్నపట్నం పాతపేట: ఏ వీధి ఎవరిది, ఏ పూట వెళ్ళాలి

చెన్నై ప్యారిస్ కార్నర్ నుంచి పాతపేటలోకి, అంటే జార్జి టౌన్‌లోకి అడుగుపెడితే పది పదిహేను నిమిషాల నడకలో కచ్చాళీశ్వరుడి గుడి, కాథలిక్కుల సెయింట్ మేరీస్ చర్చి, ఆర్మేనియన్ల చర్చి వరసగా తగులుతాయి. ఇంకొంచెం ఉత్తరానికి వెళితే అంగప్ప నాయకన్ వీధిలో మామూర్ మసీదు. రోడ్డు దాటి పడమటికి తిరిగితే చెన్నకేశవుడు, చెన్నమల్లేశ్వరుడు పక్కపక్కనే కొలువై ఉంటారు. వాసవీ కన్యకా పరమేశ్వరి, కందస్వామి, జైన మందిరాలు ఆ తర్వాత. ఇన్ని మతాలు ఇంత దగ్గరగా ఉండటం చూసి చాలామంది సామరస్యం అని ఒక్క మాట అనేసి ముందుకు సాగిపోతారు. ఆ మాట తప్పు కాదు గానీ, ఈ గుళ్ళూ చర్చిలూ ఇక్కడికే ఎందుకు వచ్చాయో అది చెప్పదు. ఇవి ఇక్కడికి చేరడానికి ముఖ్య కారణం ఫిరంగులు. ఆ సంగతి తెలిసి నడిస్తే పాతపేటలో ఏ మలుపు ఎందుకు ఉందో అర్థమవుతుంది, ఏ పూట ఎటు వెళ్ళాలో కూడా తేలుతుంది.

కథ తెలుగు నేలతోనే మొదలవుతుంది. 1639లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డేకు ఈ ఇసుకపర్రను ఇచ్చినవాడు దామర్ల వేంకటాద్రి నాయకుడు. చంద్రగిరి నుంచి ఏలుతున్న విజయనగర రాజు కింది తెలుగు పాలెగాడు. ఊరికి చెన్నపట్నం అన్న పేరు అతని తండ్రి చెన్నప్ప నాయకుడి మీదుగా వచ్చిందన్నది ఎక్కువమంది చెప్పే మాట. కంపెనీ తొలి దుబాసీల్లో ఒకడైన బేరి తిమ్మన్న కూడా తెలుగు వర్తకుడే. ఊరి తొలినాటి పెద్దగుడి, చెన్నకేశవస్వామి కోవెల, అతని పేరుతో ముడిపడి ఉంది. కోట లోపల తెల్లవాళ్ళు, ఉత్తరపు గోడకు ఆనుకుని నేతగాళ్ళు, అద్దకం పనివాళ్ళు, దళారులు, వడ్డీ వ్యాపారులు ఉండేవారు. కంపెనీ సరుకంతా బట్టే కాబట్టి మగ్గం లేనిదే ఓడ కదలదు. అందుకే వచ్చిన ప్రతి కులానికీ, ప్రతి దేశపు వర్తకుడికీ ఇల్లు కట్టుకోవడానికి, దేవుణ్ణి నిలుపుకోవడానికి చోటు దొరికింది. 1688లో మదరాసు కార్పొరేషన్ ఏర్పడినప్పుడు ఆల్డర్మన్లలో, అంటే నగరసభ పెద్దల్లో, ఇంగ్లీషువాళ్ళతోబాటు పోర్చుగీసులు, యూదులు, హిందూ వర్తకులు కూడా ఉన్నారు. యూదులు ఇక్కడికి వచ్చింది గోల్కొండ వజ్రాల కోసం. మధ్యధరా సముద్రపు పగడాలు దింపి, వజ్రాలు ఎక్కించుకునేవారు. వాళ్ళ వ్యాపారం గుర్తుగా ఇప్పటికీ పవళక్కారన్ వీధి, అంటే పగడాల వర్తకుల వీధి, ఆ పేరుతోనే ఉంది.

ఆ తొలి ఊరు ఇప్పుడు లేదు. 1746లో ఫ్రెంచివాళ్ళు మదరాసును పట్టుకున్నారు. కోట గోడకు అంత దగ్గరగా ఇళ్ళుంటే శత్రువు వాటి చాటున దాగి కొట్టగలడని వాళ్ళకు తెలుసు. అందుకని గోడకు దగ్గరగా ఉన్న ఇళ్ళు పడగొట్టించారు. 1749లో ఊరు మళ్ళీ ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చాక వాళ్ళూ అదే లెక్క వేశారు. 1757లో చెన్నకేశవుడి గుడిని కూడా పడగొట్టారు. మరుసటి ఏడాది చివర్లో ఫ్రెంచి సేనాని లాలీ సేనలు వచ్చి ముట్టడి వేసినప్పుడు ఆ లెక్క సరైనదేనని కంపెనీకి రూఢి అయింది. ఆ తర్వాత కోటకు ఉత్తరాన పెద్ద మైదానం ఖాళీగా వదిలేసి, దాని హద్దున 1773లో ఆరు రాతి స్తంభాలు పాతారు. స్తంభాలకు కోట వైపున ఎవరూ ఏదీ కట్టకూడదు. ఇవాళ హైకోర్టు నిలిచి ఉన్నది ఆ పాత ఊరి మీదే. ఆరు స్తంభాల్లో ఒక్కటి మాత్రం ప్యారిస్ కార్నర్‌లో డేర్ హౌస్ దగ్గర మిగిలింది. వందలాది మంది రోజూ దాన్ని చూడకుండానే దాటిపోతారు. పాతపేట యాత్ర మొదలుపెట్టవలసింది అక్కడే, ఎందుకంటే దానికి అవతల కనిపించే ప్రతి గుడీ, ప్రతి చర్చీ ఆ గీత దాటి వచ్చి చేరినదో, ఆ గీత గీయక ముందే అవతలి పేటల్లో ఉన్నదో అయి ఉంటుంది.

గీత దాటి వచ్చినవాళ్ళలో అందరూ ఉన్నారు. చెన్నకేశవుడికి కంపెనీ వేరేచోట స్థలం ఇచ్చింది. మణలి ముత్తుకృష్ణ ముదలి పూనికతో, ఊరివాళ్ళ చందాలతో 1760లలో దేవరాజ ముదలి వీధిలో జంట గుళ్ళు లేచాయి. కోట లోపల కాపుచిన్ అనే కాథలిక్ సన్యాసులకు ఒక చర్చి ఉండేది. ఫ్రెంచివాళ్ళకు సాయం చేశారన్న అనుమానంతో 1749 తర్వాత కాథలిక్కులను కోట నుంచి వెళ్ళగొట్టి ఆ చర్చిని తీసేశారు. వాళ్ళు ఆర్మేనియన్ వీధిలో నిలదొక్కుకున్నారు. ఆర్మేనియన్లు 1712లో కట్టుకున్న చర్చీ పాత ఊరితోనే పోయింది. ఇప్పటి చర్చి 1772 నాటిది. ఒకరి మీద ప్రేమతో ఒకరు పక్కన చేరలేదు. అందరినీ ఒకే చెయ్యి ఒకే వైపుకు నెట్టింది. చేరిన తర్వాత మాత్రం రెండున్నర శతాబ్దాలుగా కలిసే ఉంటున్నారు, అది గౌరవించదగ్గ విషయం.

పేటల పంపకంలో ఇంకో లెక్క కూడా ఉంది. పాతపేట రెండు ముక్కలు. తూర్పున సముద్రం వైపు ముత్యాలపేట, పడమట పెద్దనాయకన్‌పేట. ఊరికి వంశపారంపర్యంగా కావలి కాసిన పెద్దనాయకుడి పేరే రెండోదానికి నిలిచింది. రెంటి మధ్యా పల్లంలో ఒక మురుగు కాలువ పారేది. స్టీఫెన్ పోఫమ్ అనే వకీలు 18వ శతాబ్ది చివర్లో దాన్ని పూడ్పించి వేయించిన రోడ్డే బ్రాడ్‌వే. ఇప్పటి పేరు ప్రకాశం శాలై, మన టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు. 1928లో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా జరిగిన నిరసనలో ఆయన పోలీసు తుపాకులకు ఎదురు నిలిచింది ఈ చుట్టుపక్కలే.

దక్షిణాదిలో అప్పటి కులాలు కుడిచేతివారు, ఎడమచేతివారు అని రెండు కట్లుగా ఉండేవి. ఎవరి పెళ్ళి ఊరేగింపు ఏ వీధిలో పోవాలి, ఎవరి జెండా మీద ఏ గుర్తు ఉండాలి అని కొట్టుకునేవారు. 1707లో గొడవ ముదిరి ఊరు స్తంభించింది. గవర్నరు పిట్ వీధులు పంచాడు: కుడిచేతివారికి పెద్దనాయకన్‌పేట, ఎడమచేతివారికి ముత్యాలపేట. ఆ పంపకం చేతిలో పెట్టుకుని ఇవాళ గుళ్ళు చూస్తే చాలావరకు సరిపోతుంది. ఎడమచేతి కట్టులోని విశ్వబ్రాహ్మణుల కాళికాంబ తంబు చెట్టి వీధిలో, అంటే ముత్యాలపేటలో ఉంది. ఎడమచేతి వర్తక పెద్ద కాళవాయి చెట్టి కట్టించాడని చెప్పే కచ్చాళీశ్వరుడి గుడి ఆర్మేనియన్ వీధిలో, అదీ ముత్యాలపేటే. కుడిచేతి కోమట్ల కన్యకా పరమేశ్వరి పెద్దనాయకన్‌పేటలో. లెక్కకు లొంగనిది కందస్వామి కోవెల. అది ఎడమచేతి బేరి చెట్టి వర్తకులది, అయినా రాసప్ప చెట్టి వీధిలో, అంటే పడమటి వైపున ఉంది. కాగితం మీద గీసిన గీత ఊళ్ళో గీసినట్టే నిలవదు కదా.

ఇక నడక. ఎక్కువమంది చేసే తప్పు పదిన్నరకో పదకొండుకో వచ్చి దిగడం. అప్పటికి టోకు దుకాణాల ముందు లారీలు, మూడుచక్రాల తోపుడు బండ్లు, తలల మీద మూటలు. పక్కపక్కన ఇద్దరు నడవలేని చోట సరుకు దించుతూ ఉంటారు. దానికి తోడు గుళ్ళు పన్నెండు లోపే మూసేస్తారు, సాయంత్రం నాలుగు, నాలుగున్నరకు గానీ తెరవరు. మిట్ట మధ్యాహ్నం వచ్చినవాళ్ళకు మూసిన తలుపులు, కాలే రాళ్ళు మిగులుతాయి. పొద్దున ఏడింటికి ప్యారిస్ కార్నర్‌లో ఉంటే సగం సమస్యలు తీరినట్టే.

మన వైపు నుంచి రైలులో వచ్చేవాళ్ళు సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కితే మరుసటి స్టేషనే హైకోర్టు. సూళ్ళూరుపేట లోకల్‌లో వచ్చినా దిగేది ఎక్కువగా సెంట్రల్ పక్కనున్న సబర్బన్ స్టేషన్‌లోనే. నెల్లూరు, తిరుపతి బస్సులు ఆగే మాధవరం బస్ స్టాండు మాత్రం దూరం. అక్కణ్ణుంచి సిటీ బస్సో ఆటోనో చూసుకోవాలి. సొంత కారులో వచ్చే ఆలోచన మానుకోవడం మంచిది. పార్కింగ్ దొరకదు, దొరికినా తిరిగి బయటపడటానికి గంట పడుతుంది.

మొదట తంబు చెట్టి వీధిలో కాళికాంబ గుడి. పొద్దున్నే జనం పలచగా ఉంటారు. 1677లో ఛత్రపతి శివాజీ ఇక్కడ అమ్మవారిని దర్శించుకున్నాడని గుడివారు చెబుతారు, గోడ మీద బొమ్మ కూడా ఉంటుంది. ఆ ఏడాది ఆయన కర్ణాటక దండయాత్రకు దక్షిణాదికి వచ్చిన మాట చరిత్రే, గుడికి వచ్చిన మాట గుడి సంప్రదాయం. రెంటినీ వేరుగా ఉంచుకుంటే చాలు. ఇదే వీధిలో ఒకప్పుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక నడిచింది. 1914లో అది ఇక్కడ దినపత్రిక అయింది. తెలుగువాళ్ళు ఈ వీధిలో ఒక్క క్షణం ఆగడానికి అది చాలిన కారణం.

అక్కణ్ణుంచి పక్క సందులోకి తిరిగితే ఆర్మేనియన్ వీధి. దారి అడిగేటప్పుడు ఇంగ్లీషు పేరు కన్నా ‘అరణ్మనైక్కారన్ తెరు’ అని అడిగితే త్వరగా చూపిస్తారు, వీధి బోర్డు మీద తమిళంలో ఉండేది అదే. సెయింట్ మేరీస్ చర్చిలో అంతోణియార్ (సెయింట్ ఆంథోనీ) పీఠానికి మంగళవారం పెద్ద జనం. క్రైస్తవులు ఎంతమందో హిందువులూ అంతమంది కనిపిస్తారు. మొక్కులు, కొవ్వొత్తులు, పూలు, వరసలు. ఆ భక్తి చూడాలనుకుంటే మంగళవారమే రావాలి. కట్టడాన్ని నెమ్మదిగా చూడాలనుకుంటే మంగళవారం తప్ప ఏ రోజైనా సరే. పూజ జరుగుతున్నప్పుడు మధ్య దారిన నడవకూడదు, వెనక బెంచీలో కూర్చుని అయ్యేదాకా ఆగాలి. ఫోటో ఆ తర్వాత, అదీ అడిగి.

ఈ నడక మొత్తంలో ఎక్కువసేపు నిలవవలసిన చోటు ఆర్మేనియన్ చర్చి. ఇది సాధారణంగా తొమ్మిది తర్వాత తెరుస్తారు, మధ్యాహ్నం దాటాక మూసేస్తారు. అందుకే ఉదయం నడకలో దీన్ని గుళ్ళ తర్వాత పెట్టుకోవాలి. వీధి రొదలోంచి తలుపు దాటగానే దేవగన్నేరు చెట్లు, పొడుగాటి నడవా. కాళ్ళ కింద నేలకు సమంగా పరిచిన బండల్లో చాలా వరకు సమాధి రాళ్ళే. దాదాపు 350 మంది ఆర్మేనియన్లు ఇక్కడ మట్టిలో ఉన్నారు. చర్చికి కాస్త ఎడంగా నిలిచిన గంటల గోపురంలో ఆరు పెద్ద గంటలున్నాయి, ఆదివారం ఉదయం మోగిస్తారు. ఆ గంటలు వినడం కోసమే ఆదివారం రావచ్చు. రోజూ పూజ చేసే సంఘం ఇప్పుడిక్కడ లేదు. ఊళ్ళో ఆర్మేనియన్లే దాదాపు మిగల్లేదు.

ఆ సమాధుల్లో ఒకటి హరుత్యున్ ష్మావోన్యన్ అనే మతగురువుది. ప్రపంచంలో తొలి ఆర్మేనియన్ పత్రిక ‘అజ్దరార్’ను ఆయన 1794లో మదరాసులో అచ్చు వేశాడు. ఆర్మేనియాలో కాదు, ఇస్తాంబుల్‌లో కాదు, ఇక్కడ. స్వదేశం పరాయి పాలనలో చితికిపోతుంటే, వ్యాపారం చేసుకుంటున్న చిన్న ప్రవాస గుంపు తన భాషను ఈ సందుల్లో నిలబెట్టుకుంది. తర్వాతి కాలంలో ఎన్నో తెలుగు అచ్చాఫీసులు, పత్రికలు నడిచినదీ ఈ పట్నంలోనే. భాషలు తమ గడ్డకు దూరంగా కూడా అచ్చెక్కి బతికిన ఊరు ఇది. ఆర్మేనియన్ వర్తకుల డబ్బు ఊరికీ పనికొచ్చింది. ఖోజా పెట్రస్ ఉస్కాన్ 1726లో సైదాపేట దగ్గర అడయారు మీద వంతెన కట్టించాడు. సెయింట్ థామస్ మౌంట్ ఎక్కే మెట్లు కూడా ఆయన చలవే.

చర్చి నుంచి ఉత్తరంగా అంగప్ప నాయకన్ వీధిలోకి వెళితే మణ్ణడి ప్రాంతం, మామూర్ మసీదు. తీరప్రాంతపు తమిళ ముస్లిం వర్తకులు, దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు, ఇద్దరూ ఈ వీధుల్లో కనిపిస్తారు. శుక్రవారం పన్నెండు నుంచి రెండు దాకా ఇటు రాకపోతే మంచిది. నమాజుకు వచ్చేవారికి అడ్డం పడతాం, మనకూ ఏమీ కనబడదు. తక్కిన వేళల్లో మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలతో వెళ్ళి, లోపలికి రావచ్చా అని అడిగితే సాధారణంగా ఎవరూ కాదనరు. ఆడవాళ్ళకు ప్రార్థన మందిరంలోకి ప్రవేశం ఉంటుందా లేదా అన్నది మసీదును బట్టి మారుతుంది, గడప దగ్గరే అడగాలి.

పది దాటకుండా ప్రకాశం శాలై దాటి దేవరాజ ముదలి వీధి చేరాలి. జంట గుళ్ళలో కేశవుడికీ, మల్లేశ్వరుడికీ గోపురాలు వేరు, ప్రాకారాలు పక్కపక్కన. ‘పట్టణం కోయిల్’ అని పాతవాళ్ళ పేరు. గోపురం ఎదుటికి వచ్చేదాకా గుడి ఉన్నట్టే తెలియదు. గాజులు, పూజా సామాను, ప్లాస్టిక్ దుకాణాలు ద్వారం దాకా ఆక్రమించుకుని ఉంటాయి. చాలామంది రెండు మూడుసార్లు దాటిపోయి వెనక్కి వస్తారు. ఎన్నెస్సీ బోస్ రోడ్డు మీద పూక్కడై పోలీసు స్టేషన్ దగ్గర నిలబడి అడగడం తేలిక. తిరుమల బ్రహ్మోత్సవాల ముందు శ్రీవారికి సమర్పించే గొడుగుల ఊరేగింపు బయల్దేరేది ఈ చెన్నకేశవుడి సన్నిధి నుంచే. గొడుగులు యానైకవుని (ఎలిఫెంట్ గేట్) దాటడం ఊరికంతటికీ పండుగ. ఆ రోజు, అంటే తమిళుల పెరటాసి నెలలో సెప్టెంబరు, అక్టోబరు మధ్య వచ్చే రోజు, జార్జి టౌన్‌లో బండి కదలదు. గొడుగులు చూడటానికైతే తప్పక రావాలి. గుళ్ళు చూడటానికైతే ఆ రోజు వదిలేయాలి.

కన్యకా పరమేశ్వరి దేవస్థానం కొత్వాల్ చావడిలో ఉంది. 1996లో కోయంబేడుకు తరలిపోయేదాకా మదరాసు కూరగాయల బజారంటే ఇదే. ఆ బజారు దేవస్థానానిది. వచ్చిన ఆదాయంతో బడి, కాలేజీ, ధర్మకార్యాలు నడిచాయి. మత సంస్థ అంటే పూజలే అనుకునేవాళ్ళు ఇక్కడ ఆ లెక్క చూడాలి. ఒక వర్తక కులం తన ఇలవేల్పు పేరు మీద బజారు నడిపి, ఆ డబ్బుతో ఆడపిల్లల కాలేజీ పెట్టింది. పాతపేటలో ఏ గుడిని తట్టినా వెనక ఇలాంటి ధర్మకర్తల లెక్కల పుస్తకం ఉంటుంది. కందస్వామి కోవెల వెనక బేరి చెట్టి వర్తకులది, కాళికాంబ వెనక విశ్వబ్రాహ్మణులది. గుడి ఆస్తి ఎవరి చేతిలో ఉందన్న దానిమీదే గుడి నిలబడటం, చితికిపోవడం ఆధారపడ్డాయి. సంఘం పెద్దదై, ఊళ్ళోనే ఉంటే గుడి కళకళలాడుతుంది. సంఘం వెళ్ళిపోతే ఆర్మేనియన్ చర్చిలా ధర్మనిధి మీద నిలుస్తుంది.

ఎండ ముదిరే వేళకు మింట్ స్ట్రీట్. ఇది షావుకారుపేట, గుజరాతీలు, మార్వాడీలు స్థిరపడ్డ చోటు. కచోరీ, జిలేబీ, బాదం పాలు, మధ్యలో చట్నీ రాసి కూరగాయ ముక్కలు పెట్టిన మురుకు శాండ్విచ్ ఇక్కడి తిండి. మధ్యాహ్నం ఇక్కడే ఏ మార్వాడీ భోజన హోటల్లోనో కూర్చుంటే రెండు గంటలు గడిచిపోతాయి. జైన మందిరాలకు వెళ్ళేవారు తోలు బెల్టు, పర్సు బయటే వదలాలి. ఇది చాలామంది మరిచిపోయే నియమం. బట్ట సంచీ ఒకటి వెంట ఉంటే చెప్పులు, బెల్టు అందులో పడేయవచ్చు. తీర్థంకరుల విగ్రహాలను ఫోటో తీయకూడదు. మందిరం లోపల తినడం, నమలడం కుదరదు, మంచినీళ్ళు తాగడం కూడా బయటే.

సాయంత్రం నాలుగున్నర తర్వాత కందకోట్టం, అంటే కందస్వామి కోవెల. రాసప్ప చెట్టి వీధిలో దుకాణాల వరసలోంచి సన్నటి దారి లోపలికి తీసుకుపోతుంది, ఒక్కసారిగా కోనేరు, మండపం కనిపిస్తాయి. తమిళ సాధుకవి వళ్ళలార్ రామలింగ స్వామి చిన్నతనంలో పాడినది ఈ మురుగన్ మీదే. కృత్తిక నాడు వరస వీధిదాకా ఉంటుంది. వీధి పొడుగునా నాటు మందుల కొట్లు: శొంఠి, పిప్పళ్ళు, అతిమధురం, కరక్కాయ గోనెల్లో పోసి అమ్ముతారు. సరుకు గుర్తుపట్టగలిగినవాళ్ళకు ధర నయమే.

ఇదంతా ఒక్క రోజులో సరిపోతుందా అంటే నడవగలిగినవాళ్ళకు సరిపోతుంది. మొత్తం నడక ఐదారు కిలోమీటర్లు మించదు, అలసట మాత్రం దూరానికి మించి ఉంటుంది. పెద్దవాళ్ళతో వస్తే ముత్యాలపేట ఒక పొద్దున, పెద్దనాయకన్‌పేట ఒక సాయంత్రం అని విడగొట్టాలి. మనిషికి లీటరు నీళ్ళు, చిల్లర పది రూపాయల నోట్లు, గుడి రాళ్ళ మీద వేడికి పాత మేజోళ్ళు. జనవరి, ఫిబ్రవరి మేలు. అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం. ఒక్క జడివాన పడినా సందుల్లో నీళ్ళు నిలుస్తాయి. ఆదివారం టోకు కొట్లు చాలావరకు మూసి ఉంటాయి కాబట్టి కట్టడాల ముఖాలు స్పష్టంగా కనిపిస్తాయి, నడక హాయి. కానీ బజారు ప్రాణం చూడాలంటే మామూలు రోజే రావాలి. ఒకే రోజు ఎంచుకోవలసి వస్తే ఆదివారమే మేలు: ఆర్మేనియన్ గంటలూ వినవచ్చు, కోటలోని మ్యూజియమూ తెరిచి ఉంటుంది. దానికి సెలవు శుక్రవారం. కోటలో 1680లో ప్రతిష్ఠించిన సెయింట్ మేరీస్ చర్చి ఉంది. పైకప్పు ఫిరంగి గుండు పడ్డా కూలకుండా మందపాటి కమానుగా కట్టారు. కోట సచివాలయం కూడా కాబట్టి గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి.

ఉత్తరాన రాయపురానికి ఒక పూట చాలు. పడవవాళ్ళు తమ డబ్బుతో కట్టించుకున్న సెయింట్ పీటర్స్ చర్చి, 1910 నాటి పార్సీల అగ్ని మందిరం, 1856లో దక్షిణాదిలో తొలి రైలు బయల్దేరిన స్టేషన్ అక్కడున్నాయి. పార్సీ మందిరంలోకి ఇతరులకు ప్రవేశం లేదు. గేటు బయటి నుంచి చూసి రావాలి, కాపలావాణ్ణి బతిమాలడం మర్యాద కాదు.

తిరువల్లిక్కేణికి (ట్రిప్లికేన్) మరో రోజు ఇవ్వాలి. ఇది పాతపేటలా కంపెనీ పంచిన ఊరు కాదు, అంతకన్నా చాలా పాతది. పార్థసారథి గుడిలో పల్లవుల కాలపు శాసనం ఉంది. 1676లో కంపెనీ ఈ ఊరిని గోల్కొండ సుల్తాను నుంచి తీసుకుంది. తర్వాతి శతాబ్దంలో ఆర్కాటు నవాబు మహమ్మదలీ వాలాజా పక్కనే చేపాక్కంలో మహలు కట్టుకోవడంతో చుట్టూ ముస్లిం పేటలు పెరిగాయి. అంటే ఇక్కడ రెండు మతాలు పక్కపక్కన చేరడానికి కారణం రాజాస్థానం. కొలువుకు మున్షీలు కావాలి, సైనికులు కావాలి, వడ్డీకిచ్చేవాళ్ళు కావాలి.

ఆ కొలువు ఎలా ఉండేదో వాలాజా పెద్ద మసీదు గోడ మీదే రాసి ఉంది. 1795 నాటి ఈ కట్టడం బూడిదరంగు రాయితో, ముందు విశాలమైన ఆవరణతో ఉంటుంది. దీని నిర్మాణ సంవత్సరాన్ని అక్షరాల్లో దాచి పారసీ పద్యం కట్టినవాడు రాజా మక్ఖన్‌లాల్ అనే హిందూ మున్షీ. ఎంచుకున్న మాట ‘జిక్రుల్లాహి అక్బర్’. అరబ్బీ అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో సంఖ్య ఉంది. ‘జిక్ర్’కు 700, 20, 200 కలిపి 920. ‘అల్లాహ్’కు 66. ‘అక్బర్’కు 1, 20, 2, 200 కలిపి 223. మొత్తం 1209, అది హిజ్రీ సంవత్సరం, మన లెక్కలో 1794, 95. మసీదుకు వెళ్ళేవారు ఈ లెక్క కాగితం మీద రాసుకుని వెళితే శాసనం దగ్గర నిలబడి సరిచూసుకోవచ్చు. నవాబు మసీదుకు హిందువు రాసిన మాట ఇంత పక్కాగా కుదరాలంటే అతనికి పారసీ, అరబ్బీ ఎంత లోతుగా వచ్చి ఉండాలో తెలుస్తుంది.

రంజాను నెలలో ఇదే మసీదులో ఇఫ్తారు భోజనం వండి తెచ్చి వడ్డించేది మైలాపూరు సూఫీదార్ ఆలయానికి చెందిన సింధీ హిందువులు. దశాబ్దాలుగా నడుస్తున్న సేవ ఇది. చూడాలనుకుంటే సూర్యాస్తమయానికి ముప్పావుగంట ముందే వెళ్ళి ఒక వారగా కూర్చోవాలి, ఉపవాసం విడిచే నిమిషంలో ఎవరినీ పలకరించకూడదు, ఎవరి ముఖం మీదా కెమెరా పెట్టకూడదు.

మైలాపూరులో కపాలీశ్వరుడి గుడి నుంచి శాంతోమ్ చర్చికి కిలోమీటరు నడక. పోర్చుగీసులు 16వ శతాబ్దిలో శాంతోమ్‌లో స్థిరపడ్డాక తీరాన ఉన్న పాత కపాలీశ్వరాలయం పోయిందనీ, ఇప్పటి గుడి తర్వాత లోపలికి జరిపి కట్టినదనీ ఎక్కువమంది ఒప్పుకునే చరిత్ర. ఇప్పటి శాంతోమ్ చర్చి 1896 నాటిది. ఈ రెండు చోట్లా ఒకే రోజు తిరిగేవారికి ఆ పాత గాయం గురించి ఎవరూ ఎత్తి చూపరు, అయినా తెలుసుకుని ఉండటం న్యాయం. ఇక్కడికి వచ్చిన తెలుగువాళ్ళు రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం కూడా చూసుకోవచ్చు. 1952 డిసెంబరు 15న ఆయన ప్రాణం వదిలిన ఇల్లు అది. ఆయన పుట్టినది మాత్రం జార్జి టౌన్‌లోనే, 1901లో.

వరసగా రెండు రోజులు వీలైనవాళ్ళు శని, ఆదివారాలు ఎంచుకుని, శనివారం తిరువల్లిక్కేణి, మైలాపూరు, ఆదివారం జార్జి టౌన్ పెట్టుకుంటే శుక్రవారం నమాజూ, మంగళవారం అంతోణియార్ జనమూ రెండూ తప్పుతాయి. గవర్నమెంట్ ఎస్టేట్, సెంట్రల్, హైకోర్టు, మణ్ణడి మెట్రో స్టేషన్లు ఒకే నీలం లైను మీద ఉన్నాయి. బస గవర్నమెంట్ ఎస్టేట్ దగ్గర దొరికితే రెండు రోజులూ ఆటోతో బేరం లేకుండా గడుస్తుంది, మైలాపూరుకు తిరువల్లిక్కేణి స్టేషన్ నుంచి ఎమ్మార్టీఎస్ అనే సిటీ రైలు పట్టుకుంటే చాలు.